లండన్‌కి నేను చేసిన వాస్తు

ఇల్లు కదిపినవాళ్ళున్నారు, ఊరు మారినవాళ్ళున్నారు. కానీ జనం భోంచేసి కునుకు తీసే వేళ కువైట్‌లోని సాల్మియాలో ఒక హోటలు హాల్లో నిలబడి, లండన్ నగరంలోని ఎత్తైన మేడలన్నిటినీ పెకలించి ఇంకోచోట పాతినవాడు నాకు తెలిసి ఒక్కడే. ఆ మహానుభావుణ్ణి నేనే. దానివల్ల ఎంత ప్రళయం వచ్చిందో చెబుతాను. మీరు నింపాదిగా కూర్చుని చదవండి, నష్టం మీది కాదు కదా.

అప్పటికి లండన్‌లో షార్డ్ అనే గాజుమేడ కొత్తగా లేచింది. ఊళ్ళో అన్నిటికంటే ఎత్తు, పైకి పోయేకొద్దీ సన్నం, చెక్కిన పెన్సిలులా ఉంటుంది. అలాంటివి చూసి కువైటీలు లండన్‌లో ఫ్లాట్లు కొనుక్కునే రోజులు. ఆ ఫ్లాట్లు అమ్మే చిన్న ఆఫీసులో నేను పనిచేసేవాణ్ణి. మనుషులం ముగ్గురమే. మేనేజరు సమీర్ గారిది ఈజిప్టు. ఆయన్ని అందరూ ముదీర్ అనేవాళ్ళు. డ్రైవరు ఓబులేసన్నది రాజంపేట పక్క పల్లె. నేను సత్తిబాబుని, మాది అమలాపురం దగ్గర. నా హోదా ఎగ్జిబిషన్ అసిస్టెంట్, అంటే టీ కప్పులు కడగడం దగ్గర్నుంచి లండన్ బిగించడం దాకా అన్నీ నేనే. మాలో ఒక్కడూ లండన్ ముఖం చూసినవాడు కాదు. ముగ్గురం కలిసి లండన్ అమ్ముతున్నాం.

లండన్ బిగించడమంటే ఏమిటో చెప్పాలి. మేం అమ్మే టవరు లండన్‌లో తూర్పుకొసన, ఏటి ఒడ్డున కడుతున్నారు. అది కనబడేలా లండన్ నగరం మొత్తం బొమ్మ చేసి పెట్టెల్లో పంపారు. పరిస్తే డబుల్ కాట్ అంత బల్ల. బల్ల మీద వంకరటింకరగా థేమ్స్ నది, పడమటి మూల పచ్చగా హైడ్ పార్కు, దాని చుట్టూ పాత ఇళ్ళ వరసలు. ఇవన్నీ అతికించేసి వచ్చాయి. ఎత్తైన మేడలు మాత్రం దారిలో విరక్కుండా విడిగా దూదిలో చుట్టి పంపారు. ఒక్కోదానికీ అడుగున రెండు ములుకులు, బల్ల మీద వాటికి బెజ్జాలు. షార్డ్‌ని దాని బెజ్జాల్లో, మా టవరుని దాని బెజ్జాల్లో, నెత్తిన పిరమిడ్ ఉన్న ఇంకో పెద్ద మేడని దాని బెజ్జాల్లో గుచ్చాలి. అంతే పని. గోళ్ళు తీసుకోవడం వచ్చినవాడెవడైనా చేయగలడు.

ఆ బొమ్మతో సాల్మియా హోటల్లో వారం రోజులు పెట్టబోయే ఎగ్జిబిషన్ మీద నా బతుకు ఆధారపడి ఉంది. అప్పటికి చాలా నెలలుగా ఆఫీసులో ఒక్క బుకింగూ లేదు. ఈ వారంలో ఒక్క ఫ్లాటన్నా పోకపోతే ఆఫీసు మూసేస్తామని లండన్ వాళ్ళు కబురు చేశారు. ఆఫీసు మూస్తే నా ఇఖామా ఖలాస్. ఇఖామా లేకపోతే కువైట్‌లో ఉండనివ్వరు, విమానం ఎక్కాలి. విమానం దిగితే ఎదురుగా మా మావయ్య ఉంటాడు.

మా మావయ్య గురించి మీకు తెలియదు. మా ప్రాంతంలో ఆయన పేరుమోసిన వాస్తు సిద్ధాంతి. ఆయన ఒక ఇంట్లో కాలు పెట్టాడంటే మేస్త్రీలకి పండగ. ఒకాయన చేత మెట్లు ఈ మూల నుంచి ఆ మూలకీ, ఆ మూల నుంచి మరో మూలకీ మార్పించి, ఆఖరికి శాస్త్ర ప్రకారం ఆ ఇంటికి మెట్లే పనికిరావని తేల్చాడు. ఆ కుటుంబం ఇప్పటికీ నిచ్చెన మీదే డాబా ఎక్కుతోంది. డిప్లొమా చదివిన మేనల్లుణ్ణి నేను, ఆయన వెంట టేపు రెండో కొస పట్టుకుని తిరిగాను. మొదటి కొస ఆయన దగ్గర, గౌరవం కూడా ఆయన దగ్గరే. ఎండలో నిలబడి, "సరిగ్గా పట్టుకోరా వెధవా" అనిపించుకోవడం నా వాటా. ఆ టేపు వదిలించుకోవడానికే నేను కువైట్ వచ్చాను. మళ్ళీ దాన్ని పట్టుకోవాలంటే నాకు ఏడుపొచ్చేది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

ఎగ్జిబిషన్ మొదలైంది. జనం వచ్చారు. ఖర్జూరాలు తిన్నారు, గావా అనే అరబ్బు కాఫీ తాగారు, షార్డ్ దగ్గర నిలబడి ఫొటోలు దిగారు, వెళ్ళిపోయారు. మర్నాడూ అంతే. ఖర్జూరాలకున్న గిరాకీలో పదోవంతు మా ఫ్లాట్లకి లేదు. సమీర్ గారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"సత్తీ, రేపు కూడా ఇలాగే ఉంటే నేను కైరోకి, నువ్వు హైదరాబాదుకి."

"మాది హైదరాబాదు కాదండి."

"ఏదైతేనేం హబీబీ, విమానం ఒకటే."

మధ్యాహ్నం కువైట్‌లో కొట్లు మూసేస్తారు. హాలు ఖాళీ. సమీర్ గారు కునుక్కి వెళ్ళారు. నేను బల్ల మీద దుమ్ము తుడుస్తున్నాను. వినాశకాలే విపరీత బుద్ధి అన్నారు పెద్దలు. నా విషయంలో అది విపరీత వాస్తుగా వచ్చింది. తుడుస్తూ తుడుస్తూ ఒక్కసారి ఆగిపోయాను. ఈ లండన్‌లో బరువంతా ఎక్కడుంది?

ఏ దిక్కు ఏదో తెలియాలి కదా. హాలు పక్కనే నమాజు గది ఉంది. అందులో చాపలు పరిచిన వైపు మక్కా. కువైట్ నుంచి మక్కా నైరుతి దిక్కున ఉంటుంది. దాన్నిబట్టి మిగతా దిక్కులు లెక్క చూసుకున్నాను. బరువు నైరుతిలో ఉండాలి, ఈశాన్యం పల్లంగా ఉండాలి అని చిన్నపిల్లాడు కూడా చెబుతాడు, అంటే మా ఇంట్లో చిన్నపిల్లాడు. ఇక్కడ నైరుతి మూల హైడ్ పార్కు, ఉత్త గడ్డి. ఈశాన్యంలో మా టవరు, పక్కన పిరమిడ్ మేడ, గుదిబండల్లా కూర్చున్నాయి. ఫ్లాట్లు పోవట్లేదంటే పోతాయా మరి!

మీరిక్కడ ఒక ప్రశ్న వేస్తారు. లండన్‌కి లండన్ దిక్కులుంటాయి కదా, సాల్మియా హోటలు దిక్కులతో దానికేం పని అని. మంచి ప్రశ్న. అది ఆ మధ్యాహ్నం నాకు తట్టి ఉంటే ఈ జ్ఞాపకం మీకు మిగిలేది కాదు.

పిరమిడ్ మేడని పట్టుకుని లాగాను. టప్పున ఊడింది. అప్పుడే ఓబులేసన్న లోపలికి వచ్చాడు.

"ఏం జేచ్చాండావురా సత్తీ?"

"వాస్తు సరిచేస్తున్నానన్నా."

"యాడ?"

"లండన్‌లో."

ఓబులేసన్న నా మొహంలోకి, చేతిలో ఉన్న మేడలోకి మార్చి మార్చి చూశాడు. "ఎండ దెబ్బ గాని తగిలిందా నీకు? మన గదిలో కొళాయి కారతాండాది, దాన్ని పట్టిచ్చుకోవు. లండను జోలి మనకేలరా?"

"ఊరుకో అన్నా. బరువు మార్చకపోతే ఒక్క ఫ్లాటూ పోదు. నీ ఇఖామా కూడా ఇదే ఆఫీసు మీద ఉంది, చూసుకో."

ఆ మాట పనిచేసింది. ఓబులేసన్న తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు. నేను షార్డ్‌ని పీకి హైడ్ పార్కు అంచున పెట్టాను. పక్కన పిరమిడ్ మేడ. ఆ రెండింటి సరసన, పార్కుకి ఎదురుగా, మా టవరు. అక్కడ బెజ్జాలు లేవు కాబట్టి రెండు వైపులా అంటుకునే టేపు వేసి గట్టిగా నొక్కాను. దోసకాయ ఆకారంలో గుండ్రటి మేడ ఒకటుంది, లండన్ వాళ్ళు కూడా దాన్ని దోసకాయనే పిలుస్తారట. దానికి మూలలే లేవు, వాస్తు వర్తించదు. దాన్ని వదిలేశాను.

"మరి ఏరు?" అన్నాడు ఓబులేసన్న తలుపు దగ్గర్నుంచి. "ఏరు గూడా మారుచ్చావా?"

"ఏరు అతికించేశారన్నా," అన్నాను. నిజంగానే నాకు ఆ బాధ ఉంది.

ఆ సాయంత్రం జరిగినది చెబితే మీరు నమ్మరు. చీకటిపడే వేళకి ఒక కువైటీ పెద్దమనిషి భార్యతో వచ్చాడు. ఆవిడ బల్ల దగ్గర ఆగి మా టవరు మీద వేలు పెట్టింది.

"ఇది పార్కు పక్కనేనా?"

సమీర్ గారు వంగి చూశారు. బొమ్మలో ఎలా ఉంటే ఆయనకి లండన్ అలా ఉన్నట్టే. "ఐవా మదామ్! మీరే చూడండి, పార్కు ఎదురుగానే."

"మేం ఏటా ఆ పార్కు దగ్గరే దిగుతాం," అంది ఆవిడ భర్తతో. "పిల్లలు బాతులకి రొట్టె వేస్తారే, అదే."

పెద్దమనిషి ఇక ఏమీ అడగలేదు. బ్రోచర్‌లో టవరు ఎక్కడుందో మ్యాపుతో సహా వేసి ఉంది. కానీ బ్రోచర్ చదివి ఇల్లు కొన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అక్కడికక్కడ బుక్ చేసుకున్నాడు. కువైట్‌లో ఒకాయన కొంటే అంతటితో ఆగదు. ఆయన రాత్రికి దివానియాకి వెళతాడు, అంటే మగవాళ్ళందరూ చేరి టీ తాగుతూ కబుర్లు చెప్పుకునే గదికి. అక్కడ చెబుతాడు. మర్నాడు పొద్దున్నే ఆయన బావమరిది వచ్చాడు. ఆయన వెనక తమ్ముడు, వాళ్ళ వెనక మేనత్త కొడుకులు. అందరూ ఒకే టవరు, అందరికీ పార్కు వైపు కిటికీలే కావాలి.

సమీర్ గారు నన్ను కౌగిలించుకున్నారు. "సత్తీ! బొమ్మ ఎంత బాగా సర్దావు! నీ ఇఖామాకి ముద్ర నేను కొట్టిస్తాను, యల్లా, టీ పట్రా!"

నేను టీ తేవడానికి నడిచిన నడక చూడాలి మీరు. మా మావయ్య కూడా అలా నడిచి ఉండడు.

"చూశావా అన్నా శాస్త్రం మహిమ!" అన్నాను ఓబులేసన్నతో. "మనోళ్ళు ఊరికే చెప్పారా?"

"ఏమోబ్బా, నాకెందుకో బయ్యంగా ఉండాది," అన్నాడతను. "ఆ మేడలు నిజంగా ఆడ లేవు గదరా?"

"బొమ్మే కదన్నా."

"బొమ్మను జూసే గదరా కొంటాండారు!"

జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళలా నవ్వాలని మావయ్య నేర్పాడు. నవ్వాను.

సాయంత్రం హజ్జీ గారని ఒకాయన వచ్చారు. వయసులో పెద్దాయన, చేతిలో కర్ర. అప్పటిదాకా మా టవరు కొన్నవాళ్ళందరికీ ఆయనే ఇంటిపెద్ద. తండ్రి బొంబాయితో వర్తకం చేసినవాడట, అందుకని ఆయనకి హిందీ బాగా వచ్చు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగారు. పార్కు మూల ఆగారు. కర్ర చివరతో పాత ఇళ్ళ వరసలో ఒక ఇంటిని చూపించారు.

"యే మేరా ఘర్ హై," అన్నారు.

"మాషాల్లా!" అన్నారు సమీర్ గారు.

హజ్జీ గారు నెమ్మదిగా మోకాళ్ళ మీద వంగి, తన కంటిని ఆ ఇంటి కిటికీ ఎత్తుకి తెచ్చి, తన కిటికీలోంచి లండన్‌ని చూశారు. చాలాసేపు చూశారు. లేవడానికి నేను చెయ్యి అందించాల్సి వచ్చింది.

"నా పార్కు ఏది?" అన్నారు హిందీలో. "నా కిటికీలో ఈ గోడ ఏమిటి?"

సమీర్ గారు ఉత్సాహంగా ముందుకొచ్చారు. ఆయన ఉద్దేశం మంచిదే. "హజ్జీ, మీకు శుభవార్త! ఆ టవరులో మీ ఎదురు ఫ్లాటు మీ తమ్ముడు గారిది. పైది మీ బావమరిది గారిది. ఆ పక్కవి మీ మేనత్త కొడుకులవి. కిటికీ తీస్తే అందరూ కనబడతారు! కేకేస్తే పలుకుతారు!"

హజ్జీ గారు కుర్చీలో కూలబడ్డారు. "ఏటా ఎండాకాలం నేను లండన్‌కి ఎందుకు పోతాననుకున్నావు?" అని నన్నడిగారు, పక్కన నేనే ఉన్నాను కాబట్టి. "చల్లగాలికా?"

"కాదాండి?"

"వీళ్ళు లేని చోటు అదొక్కటే మిగిలింది నాకు!"

అని ఫోను తీశారు. లండన్‌లో ఆయన ఇల్లు చూసుకునే బంగ్లాదేశ్ మనిషికి కలిపి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టారు. అక్కడ ఇంకా పగలే.

"కిటికీ దగ్గరికి వెళ్ళు. ఎదురుగా ఏముంది?"

"పార్కు ఉంది హజ్జీ."

"పార్కులో?"

"బాతులున్నాయి. వాన పడుతోంది."

"టవరు కడుతున్నారా?"

"ఇక్కడ టవరు ఎవరు కట్టనిస్తారు హజ్జీ?"

"ఆ కోసుగా ఉన్న గాజుమేడ ఏది?"

"షార్డా? అది ఏటికి అవతల ఎక్కడో ఉంది. మన కిటికీలోంచి కనబడదు."

సమీర్ గారు బొమ్మ వైపు చూశారు. బ్రోచర్ తెరిచి, ఆఫీసు పెట్టిన తరవాత మొట్టమొదటిసారిగా అందులో మ్యాపు చూశారు. మళ్ళీ బొమ్మ చూశారు. వెళ్ళి మా టవరుని పట్టుకుని లాగారు. టేపు చర్రుమంది. తల తిప్పి నా వైపు చూశారు. ఓబులేసన్న మాత్రం అప్పటికే బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"సత్తీ," అన్నారు సమీర్ గారు చాలా మెల్లగా. "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ఎత్తైనవి, బరువైనవి నైరుతిలో ఉండాలని మా దేశంలో శాస్త్రముందని, అలా ఉంటే ఇంటికి కలిసొస్తుందని, లండన్‌కి ఆ దోషం ఉందని, అందుకే ఫ్లాట్లు పోవట్లేదని, సరిచేశాక ఎలా పోయాయో మీరే చూశారు కదా అని. ఆ ఆఖరి ముక్క అనకుండా ఉండాల్సింది.

"ఖలాస్," అన్నారు సమీర్ గారు. "బట్టలు సర్దుకో."

గదికి వెళ్ళి సూట్‌కేసు తీశాను. మనసంతా దిగులు. కళ్ళ ముందు మావయ్య టేపు పాములా చుట్టలు విప్పుకుంటోంది. ఓబులేసన్న పక్కన కూర్చుని నా చొక్కాలు మడతపెట్టాడు. "పోనీలేరా," అన్నాడు. "లండను మార్చినోడివి, మీ ఊర్లో బతకలేవా?" ఓదార్పుగానే అన్నాడు పాపం.

టిక్కెట్టు దొరికేదాకా మాత్రం పనికి రావాలన్నారు, బొమ్మ విప్పి పెట్టెల్లో సర్దేవాడు ఇంకెవరూ లేరు కదా. ఆ మిగిలిన రోజులూ సమీర్ గారు ఫోను పట్టుకుని క్షమాపణలు చెప్పుకుంటూనే ఉన్నారు. కొన్నవాళ్ళందరికీ పేరు పేరునా నిజం చెప్పి బుకింగులు రద్దు చేశారు. ఎవరూ కోప్పడలేదు, అదే విచిత్రం. అందరూ ఒకే మాట అన్నారు. "ఆ టవరు లేకపోతే పోనీ. పార్కు పక్కన నిజంగా ఉన్న ఫ్లాటు ఏదైనా ఉంటే చూడు." తీరా చూస్తే పార్కు పక్కన అమ్మకానికి ఇళ్ళు లేకేం! లండన్‌లో వేరే ఏజెంటు ఎవరో చూపించాడు. తమ్ముడొకటి, బావమరిదొకటి, మేనత్త కొడుకులు తలా ఒకటి తీసుకున్నారు. అన్నీ హజ్జీ గారి వీధిలోనే. మా ఆఫీసుకి మాత్రం సున్నా.

ఎగ్జిబిషన్ ఆఖరి సాయంత్రం హజ్జీ గారు మళ్ళీ వచ్చారు. మనిషి చిక్కిపోయారు.

"ఆ బొమ్మ కదిపినవాడు ఉన్నాడా?"

నేను పెట్టె పక్కనుంచి లేచాను.

"మీ టవరు అసలు చోటు ఎక్కడ? చూపించు."

దూదిలోంచి టవరు తీసి, బల్ల చుట్టూ తిరిగి ఆ చివరికి వెళ్ళి, తూర్పుకొసన బెజ్జాల్లో గుచ్చాను. హజ్జీ గారు తన ఇంటి దగ్గర నిలబడి, కర్ర చాచారు. కర్ర అందలేదు. ఆయన మొహం కొంచెం వికసించింది.

"నా వీధి నుంచి ఇక్కడికి ఎలా రావాలి?"

సమీర్ గారు ఇబ్బందిగా నవ్వారు. ఈసారి మ్యాపు చూసే చెప్పారు. "కొంచెం దూరమే హజ్జీ. రైళ్ళు మారాలి."

"కార్లో?"

"ట్రాఫిక్ ఎక్కువ. విసుగేస్తుంది."

"ఇటువైపు మావాళ్ళెవరైనా వస్తారా?"

"ఇటు షాపింగ్ కూడా పెద్దగా లేదు హజ్జీ. వాళ్ళెందుకు వస్తారు?"

ఫ్లాటు అమ్మాల్సిన మనిషి ఆ ఫ్లాటు గురించి ఇన్ని చెడ్డమాటలు నిజాయితీగా చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కో మాటకీ హజ్జీ గారు ఇంకాస్త నిటారుగా కూర్చున్నారు. పార్కు దగ్గర ఇల్లు ఇంకో బావమరిదికి అమ్మేస్తానని చెప్పి, మా టవరులో అందరికంటే పై అంతస్తు బుక్ చేశారు. ఆ వారంలో అదొక్కటే బుకింగు. ఆఫీసు నిలబడింది.

సంతకం పెట్టాక పెన్ను మూస్తూ సమీర్ గారితో, "ఈ కుర్రాణ్ణి పంపించకు, ఇఖామా కొట్టించు," అన్నారు. తరవాత నా వైపు తిరిగి హిందీలో మెల్లగా చెప్పారు. "బరువంతా ఒక మూల ఉంటే ఇంటికి కలిసొస్తుందన్నావుగా. నా బంధువులందరూ ఇప్పుడు ఆ మూలే ఉన్నారు. మీ శాస్త్రం చాలా మంచిది."

ఆ మాట నేను మావయ్యకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఆయన లండన్‌కి వీసా పెడతాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, స్నానం చేసి, తూర్పు తిరిగి నిలబడి, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశ రాజధానినీ, అది ఎంత దోషంతో కట్టినదైనా సరే, ఆ దేశపు ప్రజల లిఖితపూర్వక అనుమతి లేకుండా అంగుళం కూడా కదల్చను. మొన్న ఒక మాల్‌లో పారిస్ బొమ్మ పెట్టారు. ఎత్తైన ఇనుప స్తంభం ఏ మూలన ఉందో చూసీ చూడనట్టు, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేశాను.